మైకు ఎర్రన్న రీకౌంటింగ్

ముదిగుబ్బ పక్కనున్న ఆ పల్లెలో కోడికి పెద్దగా పని ఉండదు. అది కూసే లోపలే ఎర్రన్న దగ్గుతాడు. ఆయన దగ్గితే వీధి లేస్తుంది, తుమ్మితే పక్క వీధి కూడా లేస్తుంది. అందుకే ఊరంతా ఆయన్ను మైకు ఎర్రన్న అంటారు. ఒకసారి సర్పంచిగా గెలిచాడు, తర్వాత ఒకసారి ఓడాడు. ఓడినప్పుడు రీకౌంటింగ్ కావాలని గొంతు చించుకున్నాడు. మళ్ళీ లెక్కపెడితే ఉన్న ఓట్లలో ఇంకో నాలుగు తగ్గాయి. అయినా ఆయనకు లెక్కింపు మీద నమ్మకం తగ్గలేదు, గొంతు అసలే తగ్గలేదు.

మొన్న పడిన వానకు నేల తడిసి విత్తడానికి పదునైంది. ఎర్రన్న నాలుకకు వానతో పని లేదు, అది ఏడాది పొడుగునా పదునే. ఆ ఉదయం ఆయన గొర్రెల కొట్టం ముందు పంచె ఎగగట్టి కూర్చుని, తడి గోనెపట్టా చుట్ట విప్పుతున్నాడు. ఎదురుగా రైతు తిప్పేష్, పదో తరగతి ఫలితాల కోసం నిలబడ్డ పిల్లాడిలా గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

విత్తే ముందు ఆ ఊరి రైతులు తలా గుప్పెడు వేరుశెనగ విత్తనం తెచ్చి ఎర్రన్నకిస్తారు. ఆయన వాటిని తడి గోనెలో చుట్టి, నీళ్ళ గాబు పక్కన నీడలో పెట్టి, నాలుగు రోజులు తడుపుతాడు. మొలకెత్తితే చేనికి, ఎత్తకపోతే నూనె మిల్లుకి. ఈ పరీక్షలో కాపీ కొట్టడం కుదరదు కాబట్టి ఫలితం మీద ఎవరూ పేచీ పెట్టరు.

"తప్పిందప్పా తిప్పేషూ, నీ విత్తనం తప్పింది!" ఎర్రన్న ప్రకటించాడు. వీధి చివర కుక్క ఒకటి లేచి చోటు మార్చుకుంది.

"అట్లనా అన్నా! పోయినేడూ ఇదే విత్తనం ఏసినా. మొలిచి సావలేదు. నా చేనే గొడ్డుదని రోజూ తిట్టుకుంటి కదా!"

"నోరు లేని నేలను ఏంటికి తిడతావప్పా? ఇట్లా చూడు." ఎర్రన్న తిప్పేష్ తెచ్చిన కాయల్లోంచి ఒకటి తీసి, బొటనవేలితో నొక్కి పగలగొట్టాడు. "పైకి ఎంత పుష్టిగా ఉండాది! లోపల డొప్ప చూడు, తెల్లగా ఉండాది. పండిన కాయకు ఈడ నల్లబడతాది. ఇది తొందరపడి పెరికిన కాయ. పచ్చిది."

"మూటలు మాత్రం లెక్కకు నిండా ఉండాయన్నా!"

"లెక్క ఏం చేసుకుంటావ్, పటం కట్టించుకుంటావా? మొలిచేది లెక్క కాదప్పా, పండిన గింజ. ముందు విత్తనం చూసుకోవాల. ఆ తర్వాత నేలను తిట్టాల."

టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఆశ్రిత ఆ మాట దగ్గర ఆగిపోయింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గల్లుమన్నాయి. ఎర్రన్న ఆ చప్పుడు వినలేదు. ఆయన గొంతు ఉన్న చోట ఇంకే చప్పుడూ ఆయనకు వినపడదు.

ఆశ్రిత ఆయన కోడలు. రాప్తాడు పిల్ల. ఎర్రన్న ఒక్కగానొక్క కొడుకు ప్రవీణ్‌ను చేసుకుని ఆరేళ్ళయింది. ప్రవీణ్ ఊరూరా తిరిగి బోర్లు వేసే బండి నడుపుతాడు. బయట భూమిని బోరు కొట్టేవాడు, ఇంట్లో నోరు విప్పక అందరికీ బోరు కొట్టేవాడు. తండ్రి మైకైతే కొడుకు మ్యూట్. ఈ ఇద్దరి మధ్య ఆశ్రిత ఒక్కతే మామూలు గొంతుతో మాట్లాడే మనిషి. ఈమధ్య ఆమె కూడా మాట్లాడటం తగ్గించింది.

పిల్లలు లేరన్నదే ఆ ఇంటి బాధ. రెండేళ్ళ కిందట పట్నంలో ఒక ల్యాబులో ప్రవీణ్‌కు వీర్యపరీక్ష చేయించారు. కౌంట్ బ్రహ్మాండంగా ఉందన్నారు. ఎర్రన్న ఆ సాయంత్రమే పాలకేంద్రం కట్ట మీద నిలబడి, "మా వానికి కోట్లుండాయప్పా, కోట్లు! రాష్ట్రంలో ఓట్లన్నీ కలిపినా అన్ని రావు. బంపర్ మెజారిటీ!" అని విజయయాత్ర ఒక్కటే తక్కువగా ప్రకటించేశాడు. ప్రవీణ్ సిగ్గుతో నాలుగు రోజులు బండి దిగలేదు. కానీ ఆ ప్రకటనతో ఊళ్ళో ఒక తీర్పు కూడా వెలువడింది. కొడుకు గెలిచాడంటే ఓడింది కోడలే కదా! అప్పటి నుంచి ఆశ్రితకు సూదులు, స్కానింగులు, కషాయాలు, ఉపవాసాలు. ఆమె మందుల కోసం మందలో గొర్రెలు కూడా కొన్ని తగ్గాయి. ఆమె నవ్వు అంతకంటే ముందే తగ్గింది.

తిప్పేష్ వెళ్ళాక అందరూ ఉగ్గాని తినడానికి కూర్చున్నారు. ఎర్రన్న భార్య బయమ్మ వడ్డిస్తూ మాట కదిలించింది.

"రేపు విత్తనానికి లక్ష్మీదేవిని రమ్మని చెప్పొచ్చినా."

లక్ష్మీదేవి తిప్పేష్ భార్య, ముగ్గురు పిల్లల తల్లి. విత్తడం మొదలుపెట్టే రోజు, గింజల్ని చాలులోకి జారవిడిచే గొర్రులోకి మొదటి దోసెడు విత్తనం పిల్లల తల్లి పోయాలని ఆ ఇంటి ఆచారం. ఆరేళ్ళుగా లక్ష్మీదేవి పోస్తోంది. ఆరేళ్ళుగా ఆశ్రిత గట్టు మీద నీళ్ళ బిందెతో నిలబడుతోంది.

"ఇంకోటి," అంది బయమ్మ, కొడుకు వైపు చూడకుండా. "ఎల్లుండి విడపనకల్లు నుంచి మా అన్న వస్తాండాడు. ఆడ ఒక పిల్ల ఉండాదంట."

ప్రవీణ్ చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది. "పిల్ల ఏంటికిమా?"

"ఏంటికంటే ఏమి చెప్పాలరా? పెద్దమనుషుల్లో కూర్చుని మర్యాదగా మాట్లాడుకుందాం." బయమ్మ కోడలి వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆశ్రితను ఎక్కువ బాధపెట్టింది. "నీ మీద నాకు ఏ కోపమూ లేదుమ్మా. నువ్వు బంగారం లాంటి పిల్లవే. కానీ ఇల్లు చూస్తాండావు కదా. నేను సచ్చే లోపల ఒక బిడ్డను ఎత్తుకోవాలని నాకుండదా?"

విడపనకల్లు సంబంధం విడదీయడానికే బయలుదేరిందని ఆశ్రితకు అర్థమైంది. ఆమె పళ్ళెం పక్కన పెట్టి, లేచి, మెల్లగా అంది.

"పోతాలేత్తా. నాకు పుట్టినిల్లు లేకపోలే. పోయే ముందర మీ కొడుకును ఒక్క మాట చెప్పమనండి. అది నేను చెప్పే మాట కాదు."

ఆమె మొగుడి వైపు చూసింది. వారం రోజులుగా ఆ చూపు చూస్తూనే ఉంది. వారం రోజులుగా ప్రవీణ్ ఆ చూపు తప్పించుకుని బోరుబండి కింద దూరుతూనే ఉన్నాడు. ఈసారి దూరడానికి బండి లేదు.

"లోపం నాదిమా," అన్నాడు.

వంటింట్లో కుక్కరు కూడా కూత మధ్యలో ఆపినట్టయింది.

"నాకే ఉండాది లోపం. అనంతపురం డాక్టరమ్మ కొత్త పరీక్ష ఒకటి చేసింది. పోయిన వారం చెప్పింది. మీకెట్ల చెప్పాలో తెలీక దాచినా. ఈమెను కూడా చెప్పొద్దంటి."

ఎర్రన్న ముందు నవ్వాడు. "రేయ్, నీకు లోపమేందిరా! కోట్లుండాయి కదరా!"

"కోట్లుండాయి నాయనా. పండలేదంట."

"పండల్యా? అవేమన్నా మామిడికాయలా?"

"నాకు తెల్దు. పచ్చివంట. లెక్కకుండాయి, పనికి రావంట."

ఎర్రన్న నవ్వు సగంలో తెగింది. మరుక్షణం లేచి తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎవురో ఏదో చెప్తే ఒప్పుకుంటామా? పాండి అనంతపురం! నా కండ్ల ముందర మళ్ళీ లెక్కపెట్టమను. రీకౌంటింగ్!"

ఆ మాటతో ఆయనకున్న చరిత్ర ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా జీపు తీశాడు. ప్రవీణ్, ఆశ్రిత వెనక ఎక్కారు. బయమ్మ తలుపుకు తాళం వేసి తానూ ఎక్కింది. కొడుకు గెలుపో కోడలి గెలుపో, ఆ ఫలితం ఆమె కూడా వినాలి.

*

డాక్టర్ ప్రసూన ఎర్రన్న డిమాండును ఓపికగా వింది. ఆమె ఆస్పత్రి గోడల మీద ఎటు చూసినా బోసినవ్వుల పసిపిల్లల బొమ్మలు. బయమ్మ వాటి వైపు చూడలేక నేల చూపులు చూస్తోంది.

"ప్రవీణ్, ఇది నీ విషయం. మీ అమ్మా నాయన ముందర చెప్పమంటావా?"

"చెప్పండి మేడమ్. నేను చెప్తే మా నాయన నమ్మడు."

ఆమె గోడకున్న టీవీ పెట్టింది. మైక్రోస్కోపు కింద తీసిన వీడియో. తోకలున్న చిన్న చిన్న చుక్కలు తెర నిండా దూసుకుపోతున్నాయి. ఎర్రన్న కుర్చీలోంచి లేచాడు.

"అబ్బబ్బా! ఏం ఉరుకుతాండాయి! చూస్తివా బయమ్మా? ఎలక్షన్ ర్యాలీ మాదిరి ఉండాది! వీటికేం తక్కువమ్మా డాక్టరమ్మా?"

"ఈ ఉరికేవాటికే తక్కువ పెద్దాయనా," అంది డాక్టర్.

ఎర్రన్న లేచినవాడు లేచినట్టే నిలబడ్డాడు.

"ఆడవాళ్ళ అండం చుట్టూ జిగురు లాంటి పదార్థం ఒకటి ఉంటుంది. ఆ జిగురునే ఈ గాజుపలక మీద పూసి, మీ అబ్బాయి శాంపిల్ వేశాం. పూర్తిగా పండిన వీర్యకణం దాన్ని గుర్తుపడుతుంది. తలతో అంటుకుని అక్కడే నిలబడిపోతుంది. ఇదిగో, ఈ మూల చూడండి. తల కదలట్లేదు, తోక మాత్రం ఊగుతోంది. ఇది పండింది. పచ్చివాటికి ఆ గుర్తు తెలీదు. అండం పక్కనుంచే పోతున్నా పట్టుకోలేక ఇట్లా తిరుగుతూనే ఉంటాయి."

"అయితే..." ఎర్రన్న గొంతు మొదటిసారి తగ్గింది. "తిరిగేవన్నీ పచ్చివేనా?"

"ఈ పరీక్షలో అంతే. మామూలుగా ఎక్కువ భాగం అంటుకోవాలి. మీ అబ్బాయివి పదిలో రెండో మూడో అంటుకున్నాయి."

"మరి ఆ పొద్దు చేసిన పరీక్ష? అది దొంగదా?"

"దొంగది కాదు. ఎన్ని ఉన్నాయి, కదులుతున్నాయా, ఆకారం బాగుందా అని అది చూస్తుంది. పండాయా లేదా అన్నది దాంట్లో తేలదు. లెక్క నిజమే. మనం అడగాల్సిన ప్రశ్న ఇంకోటి మిగిలిపోయింది."

ఎర్రన్న చేయి తనకు తెలియకుండానే చొక్కా జేబులోకి పోయింది. పొద్దున తిప్పేష్ కాయలు రెండు అందులో మిగిలిపోయాయి. ఒకటి తీశాడు. పైకి పుష్టిగా ఉంది. బొటనవేలితో నొక్కాడు. ఆ చల్లటి గదిలో టప్పుమని చప్పుడైంది. డొప్ప విప్పి చూశాడు. తెల్లగా ఉంది.

*లెక్క ఏం చేసుకుంటావ్, పటం కట్టించుకుంటావా?*

తన గొంతే తనకు వినిపించింది. ఊళ్ళో అందరి విత్తనమూ తడి గోనెలో చుట్టి చూసినవాడు, సొంత ఇంట్లో మాత్రం లెక్క వినగానే మైకు పట్టుకున్నాడు. తిప్పేష్ చేనును తిడితే ఆపాడు. మరి తన ఇంట్లో? ఎర్రన్న కూర్చోబోయాడు. కుర్చీ ఎక్కడుందో చూసుకోలేదు. ప్రవీణ్ వెనక నుంచి చేయి పట్టి కూర్చోబెట్టాడు.

"ఏంటికమ్మా ఇట్లయింది?" బయమ్మ అడిగింది.

"కారణం ఒక్కటే అని చెప్పలేం. బోరుబండి ఇంజిన్ పక్కన రోజంతా వేడిలో కూర్చుంటున్నాడు, గుట్కా నములుతున్నాడు. వృషణాల దగ్గర రక్తనాళాలు కూడా ఉబ్బి ఉన్నాయి, దాంతో అక్కడ వేడి ఇంకా పెరుగుతుంది. చిన్న ఆపరేషన్ చేద్దాం. గుట్కా మానేయాలి, బండి మీద ఇంకొకరిని పెట్టుకోవాలి. కొత్త కణాలు తయారై పండటానికి మూడు నెలల దాకా పడుతుంది. అప్పుడు మళ్ళీ ఇదే పరీక్ష చేద్దాం. అప్పటికీ చాలకపోతే, ఇట్లా అంటుకున్నవాటినే ఏరి అండంలోకి పంపే పద్ధతి ఉంది. ఖాయంగా అవుతుందని మాటివ్వలేను. కానీ దారి ఉంది."

"ఒక పంటకాలం," అని గొణిగాడు ఎర్రన్న.

"ఇంకోటి కూడా మీరు వినాలి," అంది డాక్టర్, ఈసారి బయమ్మ వైపు చూసి. "ఆశ్రితకు చేసిన ఏ పరీక్షలోనూ ఏ తప్పూ లేదు. మొదటి నుంచీ లేదు."

రీకౌంటింగ్ అయిపోయింది. అప్పటిలాగే ఎర్రన్నకు ఇంకో నాలుగు తగ్గాయి.

*

జీపు రాప్తాడు దాటబోతుండగా ఆశ్రిత వెనక నుంచి అంది. "ఈడ ఆపండి మామా. నేను దిగుతా."

రోడ్డు పక్క టీ అంగడి దగ్గర ఎర్రన్న బండి ఆపాడు. ఎదురు సందులోనే ఆమె పుట్టిల్లు. ఆశ్రిత దిగి కొంగు సర్దుకుంది. ఎర్రన్న కూడా గబగబా దిగాడు. ఏదో చెప్పాలి. ఎన్నో మీటింగుల్లో చెప్పినవాడే, ఇప్పుడు మాట మాటకీ తడుముకున్నాడు.

"ఆశ్రితమ్మా, తప్పు మాదేమ్మా. విత్తనం చూసుకోకుండా చేనును..."

"నేను చేను కాదు మామా."

అరవలేదు. అంగట్లో టీ తాగుతున్నవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా అంది. ఎర్రన్నకు మాత్రం చెవుల్లో గంట కొట్టినట్టయింది.

"పొద్దున తిప్పేషన్నకు చెప్తాంటే విన్నా. నేలను తిట్టొద్దంటివి. ఎంత బాగా చెప్పినావు! ఇప్పుడు నేల మంచిదని నన్ను మెచ్చుకుంటావు. నేను నేలనూ కాదు, నీ కొడుకు గింజా కాడు మామా. ఇద్దరం మనుషులం. నన్ను సూదులతో పొడిచిన రోజుల్లో ఒక్కనాడన్నా నొప్పిగా ఉండాదా అని అడిగినారా? ఆయనకు కోట్లుండాయని కట్ట మీద అరిస్తివే, ఆ రాత్రి ఆయనెట్ల ఏడ్చినాడో నీకు తెలుసా? ఆ లెక్క మోయలేకే ఇది కూడా దాచిపెట్టినాడు."

ఎర్రన్న కొడుకు వైపు చూశాడు. ప్రవీణ్ తల దించుకున్నాడు. తన కొడుకు మాట్లాడడని ఊరంతా చెప్పి నవ్వుకునేవాడే గానీ, వాడు మాట్లాడటానికి తాను ఎప్పుడు సందిచ్చాడో ఎర్రన్నకు గుర్తు రాలేదు.

బయమ్మ జీపు దిగకుండానే ఏడుస్తోంది. "నేనూ గట్టు మీదనే నిలబడినామ్మా," అంది. "వీడు పుట్టేదానికి ముందర నాలుగేండ్లు మా అత్త నన్ను గొర్రు కాడికి రానియ్యలే. నీళ్ళ బిందె పట్టుకుని గట్టు మీద నిలబడి ఏడ్చినా. మళ్ళీ నీ చేతికి ఆ బిందె నేనే ఇచ్చినా కదే తల్లీ!"

ఆశ్రిత కళ్ళు అప్పుడు నిండాయి. అయినా కదల్లేదు.

"మీ మీద కోపంతో దిగలేదత్తా. ఎల్లుండి మీ అన్న వస్తే నేను ఆడ ఉండకూడదు. అంతే. రేపు విత్తనం కదా, పొద్దు పోతాంది, పోండి."

ఆమె సందులోకి నడిచింది. ప్రవీణ్ వెనక తలుపు తీశాడు.

"నువ్వు యాడికిరా?" అన్నాడు ఎర్రన్న.

"ఆమె యాడుంటే ఆడికి నాయనా."

మ్యూట్‌లో ఉన్న కొడుకు అంత తేటగా మాట్లాడటం ఎర్రన్న ఎప్పుడూ వినలేదు. జీపులో ముసలాళ్ళిద్దరే మిగిలారు. ఊళ్ళోకి వచ్చాక బయమ్మ ఫోన్ తీసి విడపనకల్లుకు కలిపింది. "అన్నా, రావద్దు. పిల్ల యాడుండాదంటావా? మా ఇంట్లోనే ఉండాది. ఆరేండ్లుగా ఉండాది. మాకే కనపడలే." అని పెట్టేసింది.

*

తెల్లారి ఊరు ఆలస్యంగా లేచింది. ఎర్రన్న దగ్గలేదు.

చేను దగ్గర గొర్రు కట్టి సిద్ధంగా ఉంది. అన్ని పక్కలా రైతులు అప్పటికే చాళ్ళు తీస్తున్నారు. ఆ మెట్టలో పదును దొరకడమే గగనం. ఎండెక్కే కొద్దీ అది కళ్ళ ముందే ఆరిపోతుంది, మళ్ళీ వాన ఎప్పుడో ఆ మేఘాలకే తెలీదు. లక్ష్మీదేవి కొత్త చీర కట్టుకుని వచ్చి నిలబడింది. ఎర్రన్న మాత్రం విత్తనం గంప పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. సరిగ్గా కోడలు నిలబడే చోట.

"ఏమన్నా, పదును పోతాండాది! లెయ్యి!" తిప్పేష్ కంగారుపడ్డాడు.

"పోనీ."

"ఏంది పోనీ?"

"నా కోడలొస్తేనే విత్తనం. రాకుంటే ఈ ఏడు చేను బీడు."

చుట్టుపక్కల గొర్రులు ఆగాయి. ముదిగుబ్బ రైతు పదునును వదులుకుంటానంటే జనం ఆగి చూస్తారు. నలుగురు చేరారు. ఎవరో చాటుగా అన్నారు, "గొడ్రాలి చేత విత్తనం ఏయిస్తాడంట!"

ఎర్రన్న లేచాడు. అప్పటిదాకా దాచుకున్న గొంతంతా బయటికి వచ్చింది.

"ఎవురప్పా ఆ మాటన్నది? వినండి! ఆ పొద్దు పాలకేంద్రం కట్ట మీద నిలబడి లెక్క చెప్పింది నేను. ఆ లెక్కను తప్పు చదివిందీ నేనే! నా కోడల్లో ఏ లోపమూ లేదు. మొదటి నుంచీ లేదు. నా నోటి వల్ల ఆ బిడ్డ ఇన్నేండ్లు గట్టు మీద నిలబడింది. ఇంకేం జరిగింది అనేది మా ఇంటి సంగతి, మీకనవసరం. కానీ ఆమెను ఎవురన్నా ఒక్క మాటన్నారంటే, ఈ మైకు మీ ఇంటి ముందర పెడతా!"

లక్ష్మీదేవి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిప్పేష్ చేతిలో ఫోన్ చెవికి కాకుండా గాల్లోకి ఎత్తి ఉంది. ఎప్పుడు కలిపాడో, అవతల ప్రవీణ్ ఉన్నాడు. నిజానికి ఆ గొంతుకు ఫోన్ అవసరం లేదు. గాలి అటు వీస్తే రాప్తాడుకు నేరుగానే అంది ఉండేది.

ఎండ బాగా ఎక్కాక మోటార్ సైకిల్ వచ్చింది. ఆశ్రిత దిగింది. ప్రవీణ్ బండికి స్టాండు వేసి, గుంపు ముందుకు వచ్చి, ఎవరూ అడగకుండానే అన్నాడు. "లోపం నాది. డాక్టరమ్మకు చూపించుకుంటాండా. ఆపరేషన్ కూడా చేయించుకుంటాండా. మా నాయన నన్ను కాపాడాలని చెప్పలే. నేనే చెప్తాండా." జేబులోంచి గుట్కా పొట్లం తీసి గట్టు అవతలికి విసిరాడు. నవ్వడానికి నోళ్ళు తెరిచిన ఒకరిద్దరు, ఎర్రన్న వైపు చూసి ఆ నోళ్ళతోనే ఆవులించారు.

ఎర్రన్న గంప ఎత్తి కోడలి ముందు పెట్టాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. నేల, గింజ, పంట, తనకు తెలిసిన పోలికలన్నీ నాలుక చివరకొచ్చాయి. అన్నిటినీ మింగేశాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"సూదులు చానా నొప్పామ్మా?"

ఆశ్రిత పెదవి కొరుక్కుంది. తల ఊపింది. అవునని. చెంపల మీద నీళ్ళు జారాయి. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది అదే మొదలు.

ఆమె వంగి దోసెడు విత్తనం తీసుకుంది. గొర్రు దగ్గరికి నడిచి ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే బయమ్మ నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది, పాత అలవాటులా, పాత శిక్షలా.

"అత్తా, ఆ బిందె కింద పెట్టి రా. లక్ష్మక్కా, నువ్వూ రా. నువ్వేంది అట్ల చూస్తాండావు," అంది మొగుడితో, "చేతులు పట్టు."

ముగ్గురు ఆడవాళ్ళు, ఒక మగవాడు. దోసిళ్ళు ఒకదాని కింద ఒకటి చేరాయి. గింజలు ఆశ్రిత చేతుల్లోంచి ప్రవీణ్ చేతుల్లోకి, అక్కడి నుంచి అత్త చేతుల్లోకి, లక్ష్మీదేవి చేతుల మీదుగా గొర్రులోకి జలజల జారాయి. బయమ్మ దోసిలి పొంగి కొన్ని గింజలు చాలులో కాక పక్కన పడ్డాయి. ఎవరూ ఏరలేదు.

"ఎర్రన్నా, ఎన్ని చాళ్ళు తీద్దాం?" తిప్పేష్ అరిచాడు. "లెక్క చెప్పు!"

ఊరంతా మైకు కోసం ఎదురుచూసింది. ఎర్రన్న తుండుతో ముఖం తుడుచుకుని, లెక్క వద్దన్నట్టు చేయి ఊపి, బయమ్మ కింద పెట్టిన నీళ్ళ బిందెను ఎత్తుకుని గట్టు మీద నిలబడ్డాడు.